గాలిలో ఆగిన గంప

మా వైపు పెళ్ళిలో మేనమామకి ఒకటే ఉద్యోగం. పెళ్ళికూతురిని వెదురుగంపలో కూర్చోబెట్టి, ఎత్తుకొచ్చి, పీటల మీద దింపాలి. దీనికి విద్యార్హతలు అక్కర్లేదు, నడుముంటే చాలు. తల్లికి తమ్ముడిగా పుట్టడం తప్ప ఇందులో నా స్వయంకృషి ఏమీ లేదు కాబట్టి నేనెప్పుడూ గర్వపడలేదు. మా అక్కకి నేనొక్కణ్ణే తమ్ముణ్ణి. ఆమెకి ఒక్కతే కూతురు. అంటే నా సర్వీసు మొత్తానికీ ఒకే ఒక్క డ్యూటీ.

ఆ డ్యూటీ ఇంత తొందరగా పడుతుందని మాత్రం అనుకోలేదు. మేనకోడలికి అప్పటికి పదహారు నిండి నాలుగు నెలలైందేమో. పదో తరగతి పాసయింది, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాసింది, ఇంటిల్లిపాదికీ అర్థం కానంత మంచి ర్యాంకు తెచ్చుకుంది. సీట్ల కౌన్సెలింగ్ ఎప్పుడా అని ఎదురు చూస్తోంది. ఆ వారంలోనే మల్కాపురం నుంచి అక్క ఫోన్ చేసి సంబంధం కుదిరిందని చెప్పింది. ఆషాఢం వచ్చేస్తుందట, ఈలోగానే ముహూర్తమట. ఏ తేదీ అని అడిగితే చెప్పింది. కౌన్సెలింగ్ కూడా సరిగ్గా ఆ వారమే.

మా బావ పోర్టులో ఖలాసీ గ్యాంగుకి మేస్త్రి. క్రేన్ వెళ్ళలేని చోట బరువుల్ని తాళ్ళతో, గొలుసులతో, కప్పీలతో కదిలించేవాళ్ళని ఖలాసీలంటారు. ఎత్తడం, జరపడం, దించడం. ఆయన జీవితమంతా ఈ మూడు క్రియల్లోనే నడిచింది. నాలాగా క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో కుర్చీకి అంటుకుపోయినవాణ్ణి ఆయన మనిషిగా గుర్తిస్తాడు గానీ, పనివాడిగా గుర్తించడు.

ఆ ఆదివారం వెళ్ళి, ఇది తప్పు బావా, పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే చట్టం ఒప్పుకోదు, చేసినవాళ్ళకీ చేయించినవాళ్ళకీ జైలు అని చెప్పాను. భద్రతా వారోత్సవాల ఉపన్యాసం వినే పద్ధతిలో విన్నాడు. మధ్యమధ్యలో తలూపాడు, టీ తాగాడు, చివర్లో గంప ఏ సైజుది చెప్పమంటావని అడిగాడు.

ఆయన వాదన ఆయనకుంది.

"ఇప్పుడైతే ఐటీఐ అల్లుడు సరిపోతాడు బావా. ఇది డిప్లొమా సేసిందనుకో, నాను బీటెక్కు కుర్రోణ్ణి ఎతకాల. ఇదే బీటెక్కు సేసిందనుకో, ఇంక మనోళ్ళలో మిగిలేదెవుడు?"

లోడు పెరక్కముందే ఎత్తెయ్యాలన్నది ఆయన సిద్ధాంతం. తూకం ప్రకారం తప్పు పట్టలేం.

పెళ్ళికొడుకు వెల్డరు. ఇరవై నాలుగేళ్ళవాడు, నెమ్మదస్తుడు, తిట్టుకోవడానికి ఒక్క అవలక్షణమైనా లేదు. అది నాకు పెద్ద నిరాశ. సింహాచలం కొండ మీద పెళ్ళి చేద్దామని వాళ్ళమ్మ అంది గానీ, అక్కడ ఆధార్ కార్డు అడుగుతారు. స్వామికి తెలిస్తే ఫర్వాలేదు, కౌంటర్లో గుమాస్తాకి తెలియకూడదని, ఇంటి ముందు సందులోనే పందిరి వేయాలని తీర్మానించారు. మంత్రాలు చదవడానికి ఒప్పుకున్న పంతులుగారు, పిల్ల వయసు పద్దెనిమిదని విని, నట్టింట్లో కూర్చుని పదో తరగతి పుస్తకాలు పక్కింటివాళ్ళకి కట్ట కడుతున్న పిల్లని ఒకసారి చూసి, తర్వాత ఫ్యాను వైపు చాలాసేపు చూశారట.

వంటింట్లో మేనకోడలు రొయ్యలు వలుస్తోంది. పిల్లల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసేస్తానని దానితో మెల్లగా చెప్పాను. అది రొయ్యల మీంచి తల ఎత్తలేదు.

"ఫోన్ సేత్తే పెళ్ళి ఆగిపోద్ది మావయ్యా. దాంతోపాటు నాన్న నన్ను కాలేజీకి పంపడం కూడా ఆగిపోద్ది. రెండోదానికి ఏ నంబరుకి సెయ్యాల?"

నాకు తెలిసిన నంబర్లలో అలాంటిది లేదు. ముహూర్తం ముందురోజు వరకూ ఆగమంది. అప్పటికీ ఏమీ కాకపోతే తనే చేస్తానంది. పదహారేళ్ళ పిల్ల ఇంత ప్రశాంతంగా రొయ్యలు వలుస్తూ ఈ మాట చెప్పడం చూసి, డిగ్రీ చదివిన నేను ఒక రొయ్య తీసుకుని వలవడానికి ప్రయత్నించి, ముల్లు గుచ్చుకుని విరమించుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళేసరికి గంప వచ్చింది. ఆనందపురం నుంచి అక్కకి పెత్తండ్రి కొడుకు, అంటే నాకూ అన్నే, కొత్త వెదురుగంప బస్సు మీద వేసుకుని తెచ్చాడు. మేనకోడల్ని అందులో కూర్చోబెట్టి చూశారు. మోకాళ్ళు గెడ్డానికి తగిలాయి, మోచేతులు బయటికొచ్చాయి. ఇంకాస్త పెద్దది దొరకలేదా అంటే, పెళ్ళిగంపంటే ఇదే కొలతని అల్లినవాడు చెప్పాడన్నాడు. తాతల నాటి నుంచి అదే కొలతట. ఈ ఆచారం పుట్టిన రోజుల్లో పెళ్ళికూతురి వయసెంతో తెలుసుకోవడానికి శాసనాలు తవ్వక్కర్లేదనీ, ఆ గంపలో ఎవరు పడతారో చూస్తే చాలుననీ నాకప్పుడే తట్టింది. ఎనిమిదేళ్ళు. మహా అయితే తొమ్మిది. పిల్లలు పెరిగారు గానీ, గంప పెరగలేదు.

"ఓసారి ఎత్తి సూడు బావా," అన్నాడు బావ.

"నా నడుం బాగోలేదు," అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. నోట్లోంచి అదే వచ్చేసింది. కానీ ఒకసారి బయటికొచ్చాక ఆ నడుముకి సొంత జీవితం ఏర్పడింది. ఎప్పట్నుంచి అన్నారు. వంగితేనా లేస్తేనా అన్నారు. కుర్చీ ఉద్యోగాలకి ఇదే గతని బావ చాలా జాలిపడ్డాడు. ఆ జాలిలో కొంత తృప్తి కూడా ఉంది. అక్క నువ్వుల నూనె కాచింది. పోర్టులో ఎవరికో బెణికితే సరిచేసిన మనిషిని పిలిపించారు. ఆయన నన్ను చెక్కబల్ల మీద బోర్లా పడుకోబెట్టి, లేని నొప్పిని వెతుకుతూ వీపు మీద మోకాలు పెట్టాడు. లేచేసరికి నిజంగానే నొప్పి ఉంది.

మేనమామ మొయ్యకపోతే పెళ్ళికూతురు పీటల మీదికి రాదు. నడిచి వస్తే మగపెళ్ళివారు ఏమనుకుంటారు. ఇది మా వాళ్ళ బాధ. పెళ్ళికూతురికి పదహారేళ్ళన్న సంగతి ఎవరూ ఏమీ అనుకోరు గానీ, ఆమె సొంత కాళ్ళ మీద వస్తే మాత్రం నలుగురిలో తల ఎత్తుకోలేరు. వరసకి మేనమామే కాబట్టి ఆనందపురం అన్నని రంగంలోకి దింపారు. ముందు బియ్యం బస్తాతో రిహార్సలన్నారు. ఆయన గోచీ బిగించి, నరసింహస్వామిని తలుచుకుని, గంప ఎత్తాడు. సగం లేచాక అలాగే వంగి ఆగిపోయాడు. ఆటో ఎక్కించేటప్పుడు కూడా ఆయన్ని ఆ ఆకారంలోనే ఎక్కించాం. సీట్లో పట్టక కాస్త పక్కకి వంచాల్సి వచ్చింది.

ఇక పెళ్ళి వాయిదా పడుతుందని నేను లోలోపల కులాసాగా ఉన్నాను. బావ మాత్రం గుమ్మంలో కూర్చుని, బీడీ వెలిగించి, సందు పొడవునా చూశాడు. తర్వాత పైకి చూశాడు.

"ఎత్తేది మనిషే అవ్వాలేటి?" అన్నాడు.

మర్నాటికి ఇంటి ముందు ఇనప పైపులు దిగాయి. రెండు ముక్కాలిపీటల్లాంటి స్టాండ్లు, వాటి మీద అడ్డంగా ఒక దూలం, దూలానికి దొర్లే చక్రాలు, చక్రాలకి చైన్ బ్లాకు. గొలుసు లాగుతుంటే బరువు తనంతట తాను లేచే సాధనమది. గుమ్మం దగ్గర గంపని ఎత్తి, దూలం వెంట దొర్లించి, పందిట్లో పీటల మీద దించడం పథకం. శాస్త్రం ఒప్పుకుంటుందా అని పంతులుగారికి ఫోన్ చేశారు. మేనమామ చెయ్యి గంపకి తగులుతూ ఉంటే ఎత్తినట్టే లెక్క అన్నారాయన. నా నడుము ఇంత శ్రమపడి సంపాదించిన సెలవు ఆ ఒక్క మాటతో రద్దయిపోయింది.

పెళ్ళికొడుకు వెల్డరు కాబట్టి ఇనుము సంగతి తెలిసినవాడు, రేపు ఏదైనా అడిగితే చెప్పడానికి లెక్క కాగితం మీద ఉండాలనుకున్నాడు బావ. ఆయనకి లెక్క చేతుల్లో ఉంటుంది, కాగితం మీద ఉండదు. కూతుర్ని పిలిచాడు. ఆ సాయంత్రం నుంచి మొదలు. తండ్రీ కూతుళ్ళు గుమ్మంలో కూర్చుని, పెళ్ళికూతురిని మండపానికి చేర్చే యంత్రం గీశారు. గంపకి రెండు వైపులా కట్టే తాళ్ళు ఎంత వెడల్పుగా విడిపోతే వాటి మీద అంత బలం పడుతుందని బావ అన్నాడు. చేతి అంచనాతో ఓ అంకె కూడా చెప్పాడు. ఎంత పడుతుందో త్రికోణమితిలో సైను వేసి అది చెప్పింది. ఇద్దరి జవాబూ ఒక్కటే అయింది. బావ కాగితం వైపు చూసి, కూతురి వైపు చూసి, మళ్ళీ కాగితం వైపు చూశాడు. మర్నాడు గ్యాంగు మొత్తానికి ఆ సంగతి చెప్పుకున్నాడని తర్వాత తెలిసింది. పిల్లకి క్రేన్ సైగలు కూడా నేర్పాడు. పైకి, కిందికి, మెల్లగా, పక్కకి. పెళ్ళిలో మేళం మోగుతుంటే మాట వినపడదు, గంపలోంచి నువ్వే సైగ చెయ్యాల అన్నాడు.

మేనకోడలు మాత్రం అడుగడుగునా తప్పులు పట్టింది. గంప అడుగు వెదురే, ఆగదంది. ఇనప ప్లేటు వేశారు. ప్లేటు వేశాక బరువు పెరిగింది కాబట్టి తాడు మార్చాలంది. మార్చారు. స్టాండు కాలు కాలవ మీది పలక మీద ఉంది, పలక కుంగుతుందంది. పైపులన్నీ విప్పి మళ్ళీ బిగించారు. ప్రతి అభ్యంతరానికీ బావ తిట్టుకుంటాడనుకున్నాను. పొద్దున్నే లేచి ఇంకేం తప్పుందో చూడమ్మా అని అడిగేవాడు. నాన్న పథకానికి ఇంతలా సాయం చేస్తున్నావేంటని ఓసారి పక్కకి పిలిచి అడిగాను.

"నిజంగా తెగితే పడేది నానే కదా మావయ్యా," అంది.

ముహూర్తం ఇంకో మూడు రోజులుందనగా ఆదివారం ట్రయల్ పెట్టారు. గ్యాంగు హెల్మెట్లతో, మెరిసే జాకెట్లతో వచ్చింది. పెళ్ళికొడుకు, వాళ్ళమ్మ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. చుట్టుపక్కల మేడలన్నీ జనం. ముందు బియ్యం బస్తాలు ఎత్తారు. దొర్లాయి, దిగాయి. చప్పట్లు పడ్డాయి. తర్వాత మేనకోడల్ని ఎక్కించారు. పట్టులంగా, పూలజడ, ఆ పైన పసుప్పచ్చ హెల్మెట్. పెళ్ళిరోజు కూడా ఆ టోపీ ఉంటుందా అని కాబోయే అత్తగారు అనుమానంగా అడిగింది. పనిలో హెల్మెట్ తప్పదక్కా అన్నాడు బావ. ఆవిడ భాసికం ఎక్కడ కడతారో ఆలోచిస్తూ ఉండిపోయింది.

నేను శాస్త్రప్రకారం గంప మీద చెయ్యి వేశాను. బావ చెయ్యి తిప్పాడు. గొలుసు కిర్రుమంది. గంప లేచింది. నా మోకాలెత్తు, నడుమెత్తు, భుజమెత్తు. అప్పుడు మేనకోడలు గంపలోంచి రెండు చేతులూ బార్లా చాపి, అరచేతులు కిందికి తిప్పింది.

ఆపు.

గొలుసు పట్టుకున్నవాడి చేతులు ఉన్నచోటే బిగుసుకున్నాయి. మేళం చప్పుడులో సైగలు అందుతాయో చూడ్డానికి పిలిపించిన సన్నాయి ఆయన కూడా, ఎందుకో, ఊదడం ఆపేశాడు. బావ ముందుకొచ్చి తాడు చూశాడు, కొక్కెం చూశాడు, ప్లేటు చూశాడు.

"ఏటమ్మా, ఎక్కడ తేడా?"

"ఎక్కడా లేదు నాన్నా. అన్నీ బాగున్నాయి."

"మరేటి?"

"నాకీ పెళ్ళి వద్దు. సదూకుంటాను."

చేతులు దించలేదు. మేడల మీద ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పెళ్ళికొడుకు తల్లి లేచి, పిల్లని కిందికి దింపి మాట్లాడుకోండి, నలుగురిలో ఇదేం చోద్యం అంది. న్యాయమైన మాటే. గొలుసు దగ్గరున్నవాడు బావ వైపు చూశాడు. బావ కదల్లేదు. ఆయన ఎందుకు కదల్లేదో నాకు ముందర అర్థం కాలేదు. గ్యాంగులో అందరికంటే పెద్దాయన అర్థమయ్యేలా చెప్పాడు.

"ఆపు ఎవులిచ్చినా ఆగాల్సిందే మేస్త్రీ. ఇచ్చినోళ్ళే తియ్యాల. నువ్వే కదేటి మాకు నేర్పినావు."

పోర్టులో అది నియమం. పైకెత్తమని చెప్పే హక్కు ఒక్కడికే ఉంటుంది. ఆపమని చెప్పే హక్కు మాత్రం అందరికీ ఉంటుంది, దారిన పోయేవాడికైనా. ఆ నియమం వల్లే తన గ్యాంగులో ఇంతవరకూ ఒక్క వేలు కూడా నలగలేదని బావ ప్రతి పండక్కీ చెప్పుకుంటాడు. ఈరోజు తన కూతురన్న కారణంగా దాన్ని పక్కన పెట్టి దించమంటే, రేపు ఓడ దగ్గర ఆయన చెయ్యెత్తినప్పుడు ఆగేవాడెవడు? దించకపోతే పెళ్ళి ఆగిపోయినట్టే. ముప్ఫై ఏళ్ళుగా ఎంతెంత బరువులో మోసిన మనిషి, ఆ భుజమెత్తు గంప దగ్గర ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయాడు.

చాలాసేపే నిలబడ్డాడు. ఈలోగా అందరికీ టీలు వచ్చాయి. పెళ్ళికూతురికి కూడా కాగితం గ్లాసులో అందించారు. చేతులు దించితే ఆపు తీసేసినట్టవుతుంది కాబట్టి అది తాగనంది. అక్క కుర్చీ ఎక్కి గ్లాసు కూతురి నోటికి పెట్టింది. నేను గంప మీద చెయ్యి తియ్యొచ్చో లేదో ఎవరూ చెప్పలేదు. అలాగే ఉంచాను. అది అప్పటికే మొద్దుబారిపోయింది.

బావ ఆశగా అక్క వైపు చూశాడు. దిగమని నువ్వు చెప్పు అన్నాడు. అక్క తొమ్మిదో తరగతి మధ్యలో పెళ్ళై ఆ ఇంటికి వచ్చిన మనిషి. భర్తకి ఎదురు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆరోజు కూడా ఎదురు మాట్లాడలేదు. ఖాళీ గ్లాసు నలిపి కొంగులో పెట్టుకుంది.

"నన్ను ఎత్తినప్పుడు నాకెవులూ సేతులు సాపడం నేర్పలేదు. దీనికి నువ్వే నేర్పినావు," అంది.

పెళ్ళికొడుకు లేచాడు. వాడికి చెవులు ఎర్రబడి ఉన్నాయి. గంప వైపు ఒకసారి చూసి, ఎల్దాం రామ్మా, ఆపు పడ్డాక లోడు కింద నిలబడకూడదు అన్నాడు. వాళ్ళమ్మ తను లోడు కింద లేననీ, కుర్చీలో ఉన్నాననీ అంది. వాడు మాత్రం చెప్పులు వేసుకున్నాడు. వాణ్ణి తిట్టుకోవడానికి ఇంక నాకు ఏ అవకాశమూ మిగల్లేదు.

"ఎన్నాళ్ళేటి ఈ సదువు?" అడిగాడు బావ, పైకి చూడకుండా.

"డిప్లొమా మూడేళ్ళు."

"మూడేళ్ళూ గంపలోనే ఉంటావేటి?"

"నువ్వు పంపుతానంటే ఇప్పుడే దిగుతాను."

"పంపుతాను."

"గ్యాంగుకి వినపడేలా సెప్పు నాన్నా."

బావ గొంతు సవరించుకున్నాడు. లిఫ్ట్ రద్దు అని చెప్పాడు. పిల్ల కాలేజీకెళ్తుందని కూడా, అంతకంటే కాస్త తక్కువ గొంతుతో, అందరికీ వినపడేలా చెప్పాడు. అప్పుడు మేనకోడలు ఒక చెయ్యి దించి, రెండో చేత్తో చూపుడువేలు కిందికి పెట్టి చిన్న సున్నా చుట్టింది. మెల్లగా, కిందికి. గొలుసువాడు దాని చెయ్యి చూస్తూ దించాడు. నేల తగిలినప్పుడు చప్పుడు కూడా కాలేదు.

ఆ తర్వాత బావ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పైపులు మాత్రం విప్పి, తుడిచి, నూనె రాసి పంపించేశాడు. పందిరివాడికి, వంటవాడికి, సన్నాయికి సర్ది చెప్పే పని నాకు పడింది. వంటవాడు మాత్రం అర్థం చేసుకోలేదు. పెళ్ళికూతురు గాల్లోంచి వద్దంటే వంట ఎందుకు మానాలని అతని వాదన.

ముహూర్తం అనుకున్న రోజునే కాలేజీల ఎంపికకి ఆఖరు. మల్కాపురంలో నెట్ సెంటర్‌కి ముగ్గురం వెళ్ళాం. బావ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. పెళ్ళికని కుట్టించిందే. కంప్యూటర్ ముందు కూర్చున్నావిడ, ఏ బ్రాంచి ముందు పెట్టమంటారమ్మా అని అడిగింది.

"మెకానికల్," అన్నాడు బావ.

"కంప్యూటర్స్," అంది మేనకోడలు.

బావ చటుక్కున కూతురి వైపు తిరిగాడు. ఆ పిల్ల సైనులు వేసి తాళ్ళ లెక్క చెప్పిన సాయంత్రాల నుంచి, ఆయన తలలో ఒక భవిష్యత్తు తయారై ఉందని నాకు అప్పుడే తెలిసింది. అందులో కూతురు హెల్మెట్ పెట్టుకుని పెద్ద పెద్ద బాయిలర్లు ఎత్తిస్తూ ఉండి ఉంటుంది. పెళ్ళి రద్దయిన రోజు కూడా ఆ ముఖం ఇంతలా వాడలేదు.

"అంత లెక్క తెలిసీ కుర్చీలో కూకుంటావేటి, మీ మావయ్యలాగా?"

"ఏసీ ఉంటాది నాన్నా."

ఆవిడ మౌసు పట్టుకుని ఇద్దరి వైపూ చూస్తోంది. బయట ఇంకా నలుగురు తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. చట్టం గురించి అన్ని మాటలు చెప్పిన నేను, ఇక్కడ ఏ చట్టమూ లేదు కాబట్టి, గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాను. బావ ఒకసారి కూతురి చేతుల వైపు చూశాడు. అవి ఒడిలో ఉన్నాయి. అవి ఇప్పుడు పైకి లేస్తాయేమోనని ఆయనకి భయం వేసిందో, లేక అలసిపోయాడో చెప్పలేను.

"పద్దెనిమిదయ్యాక పెళ్ళి మాట ఎత్తుతాను, ముందే సెప్తన్నాను," అన్నాడు.

"ఎత్తు నాన్నా. అప్పుడు సెప్తాను."

"రెండోది మెకానికల్ పెట్టమ్మా," అన్నాడు బావ ఆవిడతో. "కంప్యూటర్లు పాడైపోతే పనికొస్తాది."